రోగిలో పోషకాహార లోపాన్ని గుర్తించడం ఎట్లా?

ఆస్పత్రిలో రోగి మంచం దగ్గర ఉంచే కేసు కాగితాన్ని మనలో చాలామంది చూచే ఉంటారు. జ్వరం ఎంత ఉన్నది, నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకొన్నది, రక్తపోటు ఎంత అన్నవి పూటపూటకూ అందులో వ్రాస్తారు. అదే కాగితం పైభాగాన ఎత్తుకు ఒక గడి, బరువుకు ఒక గడి ఉంటాయి. ఈ రెండు గడులూ తరచుగా ఖాళీగానే ఉండిపోతాయి. ఒకవేళ బరువు వ్రాసినా అది రోగి చేరిననాటి బరువే. మూడు వారాలు గడచిన తరువాత అది ఎంతకు దిగినదో ఆ కాగితం చెప్పదు.

ఇది చాలా చిన్న లోపంగా తోచవచ్చును. కాని కోసిన గాయం త్వరగా మానుతుందా, రోగి మరొక అంటువ్యాధిని తట్టుకొనగలడా, లేచి తన పనులు తాను చేసుకొనగలడా అన్న ప్రశ్నలకు సమాధానంలో కొంతభాగం ఆ ఖాళీ గడిలోనే ఉన్నది. దానిని నింపడం ఎట్లా, నింపిన తరువాత చదవడం ఎట్లా అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

కన్ను మోసపోయే చోట్లు

శరీరానికి కావలసినంత శక్తిగాని, మాంసకృత్తులుగాని, విటమినులుగాని, ఖనిజ లవణాలుగాని అందనప్పుడు, లేక అందినవి వంటబట్టనప్పుడు పోషకాహార లోపం ఏర్పడుతుంది. ఆ మాట వినగానే మనకు ఎముకలు తేలిన శరీరమే జ్ఞాపకం వస్తుంది. ఈ లోపం ఎల్లప్పుడూ బక్కతనంగానే పైకి కనబడేటట్లయితే దానిని గుర్తించడానికి శాస్త్రంతో పనే ఉండేది కాదు.

జమైకాలో పుట్టిన డాక్టరు సిసిలీ విలియమ్స్ ఆఫ్రికాలోని గోల్డ్ కోస్టులో, అనగా నేటి ఘనా దేశంలో, పనిచేస్తూ 1933లో ఒక వ్యాధిని వర్ణించారు. తల్లిపాలు మానిపించి, మొక్కజొన్న తిండిమీద పెంచిన పిల్లలకు అది వచ్చేది. వారి కాళ్లు, చేతులు ఉబ్బేవి. చర్మం నల్లబడి పొరలుగా ఊడిపోయేది. 1935లో ఆమె ఈ వ్యాధికి అక్కడి గా భాషలో ఉన్న పేరునే లోకానికి పరిచయం చేశారు. ఆ పేరు క్వాషియార్కర్. తరువాతి బిడ్డ పుట్టినప్పుడు పై బిడ్డకు వచ్చే జబ్బు అని దాని భావం. ఉబ్బిన బిడ్డను దూరంనుంచి చూచినవారు బొద్దుగా ఉన్నాడని అనుకోవచ్చును. ఆ బొద్దుతనం కండ కాదు, నీరు.

ఈ పరిశోధనలో మన హైదరాబాదుకు కూడా చోటున్నది. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ప్రారంభించిన పరిశోధన పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందింది. ఇంచుమించు ఒకే తీరు తిండి తినే పేద కుటుంబాల పిల్లలలో కొందరు ఎండిపోయి మరాస్మస్ అనే స్థితికి వస్తారనీ, కొందరు నీరుపట్టి క్వాషియార్కర్ పాలవుతారనీ ఇక్కడ డాక్టరు సి. గోపాలన్, ఆయన సహచరులు గమనించారు. శరీరం కొరతకు సర్దుకొనగలిగినంత కాలం ఎండిపోతుంది, ఆ సర్దుబాటు చెడినప్పుడు ఉబ్బుతుంది అని గోపాలన్ 1968లో వివరించారు. ఉబ్బుకు గల కారణాలన్నింటినీ తేల్చే పరిశోధన నేటికీ సాగుతూనే ఉన్నది. ఐతే, ఒకే లోపం రెండు రూపాలలో కనబడవచ్చునన్న సంగతి మాత్రం స్థిరపడింది.

కన్ను మోసపోయే చోటు మరొకటి కలదు. 90 కిలోల బరువున్న మనిషి జబ్బుపడి మూడు నెలలలో 76 కిలోలకు దిగినాడనుకొందాం. చూచినవారు ఒళ్లు తగ్గి బాగున్నాడని మెచ్చుకోవచ్చును. కాని అతడు తన బరువులో నూటికి 15 వంతులకు పైగా కోల్పోయినాడు. అందులో క్రొవ్వుతోపాటు కండ కూడా కరిగింది. కాబట్టి లావుగా కనబడే రోగిలో సైతం పోషకాహార లోపం ఉండవచ్చును.

లంఖణం ఎవరికి ఔషధం?

ఆరోగ్యవంతుడు తిండి మానితే మొదట కాలేయంలో దాచియున్న గ్లైకోజెన్ చక్కెరగా మారి రక్తంలోకి వస్తుంది. ఆ నిల్వ ఇంచుమించు ఒక రోజుకు సరిపోతుంది. ఆ తరువాత మెదడుకు కావలసిన చక్కెరకోసం శరీరం కండరాలలోని మాంసకృత్తులను విరుగగొడుతుంది. కాని కండను ఇట్లే ఖర్చు చేస్తూపోతే మనిషి ఎక్కువకాలం బ్రతకలేడు. అందుచేత కొద్దిరోజులలో శరీరం దారి మార్చుకొంటుంది. క్రొవ్వునుండి పుట్టే కీటోనులనే పదార్థాలను మెదడు ఇంధనంగా వాడుకొనడం మొదలుపెడుతుంది. కండ ఖర్చు తగ్గుతుంది.

1944–45 సంవత్సరాలలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు ఈ సర్దుబాటును వివరంగా పరిశీలించాడు. ఆరోగ్యవంతులైన 36 మంది యువకులు స్వచ్ఛందంగా 24 వారాలపాటు అరకడుపు తిండిమీద ఉన్నారు. వారి బరువు సుమారు నాలుగోవంతు తగ్గింది. నాడి నెమ్మదించింది, శరీరం చల్లబడింది, తిండిమీద తప్ప మరిదేనిమీదా ఆసక్తి లేకుండా పోయింది. మంచంమీద ఉలుకు పలుకు లేకుండా పడియుండే రోగిని చూచి అది అతని స్వభావమని అనుకొనే ముందు ఈ ప్రయోగాన్ని జ్ఞాపకం చేసుకోవాలి.

రోగి సంగతి ఇంకా కష్టం. జ్వరం ఒక్కొక్క సెంటిగ్రేడు డిగ్రీ పెరిగినకొద్దీ విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తి సుమారు నూటికి 10 నుండి 13 వంతులు పెరుగుతుంది. అంటువ్యాధిలో, కాలిన గాయాలలో, పెద్ద శస్త్రచికిత్స తరువాత, పైన చెప్పిన పొదుపు సరిగా సాగదు. సూక్ష్మజీవులతో పోరాడే కణాలకు, మానవలసిన గాయానికి కావలసిన సరకు కండరాలనుండే తరలిపోతుంది. ఒకప్రక్క ఖర్చు పెరుగుతుంది, రెండవ ప్రక్క ఆకలి చచ్చిపోతుంది.

"లంఖణం పరమౌషధం" అని మనవారు అంటారు. అజీర్తి చేసిన ఒక పూట లంఖణం వల్ల వచ్చే నష్టం లేదు. ఐతే అదే సూత్రాన్ని క్షయరోగికో, మూడు వారాలుగా జ్వరంతో తీసుకొంటున్న మనిషికో వర్తింపజేసి, పథ్యం పేరుతో పప్పు, గ్రుడ్డు, పెరుగు మానిపించి, పలుచని జావతో సరిపెట్టితే ఆ మనిషి కండ కరిగించి ఆ ఖర్చు తీర్చుతున్నామన్నమాట.

శస్త్రవైద్యుని లెక్క

బరువు తగ్గడానికీ ప్రాణాపాయానికీ గల సంబంధాన్ని అంకెలతో చూపినవారిలో హైరమ్ స్టడ్లీ ముఖ్యుడు. అమెరికాలోని క్లీవ్‌లాండులో ఆయన శస్త్రవైద్యుడు. కడుపులో పుండుకు శస్త్రచికిత్స పొందిన 46 మంది రోగుల వివరాలను 1936లో ఆయన ప్రకటించాడు. శస్త్రచికిత్సకు ముందే తమ బరువులో నూటికి 20 వంతులకు మించి కోల్పోయినవారిలో మూడోవంతు మరణించారు. అంతకంటె తక్కువ కోల్పోయినవారిలో మరణాలు నూటికి 3.5 మాత్రమే. రోగుల సంఖ్య చిన్నదే. ఐనా, శస్త్రచికిత్సకు ముందు త్రాసు చెప్పే మాట వినవలెనన్న పాఠం పెద్దది.

ఆ పాఠాన్ని ఆస్పత్రులు చాలాకాలం మరచిపోయినవి. 1974లో అమెరికా వైద్యుడు చార్లెస్ బటర్‌వర్త్ వార్డులలో జరిగే తప్పులను ఏకరువు పెట్టాడు. పరీక్షల పేరుతో రోగికి మాటిమాటికి భోజనం తప్పించడం, రోజులకొద్దీ గ్లూకోజు, సెలైను నీళ్లతోనే నడపడం వాటిలో ఉన్నవి. ఎత్తు, బరువు వ్రాయకపోవడం కూడా ఆ జాబితాలో కలదు. మనం మొదట చూచిన ఖాళీ గడి ఇదే.

అడగడం, చూడడం, కొలవడం

పోషకాహార లోపాన్ని నిర్ణయించడానికి ఖరీదైన యంత్రాలు మొదట అక్కరలేదు. అడగడం, చూడడం, కొలవడం అనే మూడు పనులు వరుసగా చేస్తే చాలును.

మొదటిది అడగడం. గత ఆరు నెలలలో బరువు తగ్గినారా? తూచుకొనే అలవాటు లేనివారిని మరొక విధంగా అడగవచ్చును. జాకెట్టు వదులైనదా, చేతి గాజులు జారుతున్నవా, మొలత్రాడు ముడి లోపలికి జరిపి కట్టుకోవలసి వచ్చినదా? గత వారం పది రోజులుగా మామూలు తిండిలో ముప్పాతిక తింటున్నారా, సగమా, అంతకన్న తక్కువా? వాంతులు, విరేచనాలు, మ్రింగడంలో బాధ ఉన్నవా? ఇంతకుముందు చేసుకొన్న పనులు ఇప్పుడు చేసుకొనగలుగుతున్నారా?

రెండవది చూడడం. కణతలు గుంటలు పడినవా, మెడప్రక్క జత్రుకలు పొడుచుకొని వచ్చినవా చూడాలి. బొటనవ్రేలికి, చూపుడు వ్రేలికి నడుమ చేతి వెనుక ఉండే కండ ఆరోగ్యవంతునిలో ఉబ్బెత్తుగా ఉంటుంది. కండ కరిగినవానిలో ఆ చోటు చదునై, తరువాత పల్లమవుతుంది. పిదప రెండు పాదాల పైభాగాన్ని బొటనవ్రేలితో మూడు సెకండ్లు నొక్కి తీయాలి. గుంట అట్లే నిలిచిపోతే అక్కడ నీరు చేరినదన్నమాట. గుండె, మూత్రపిండాలు, కాలేయం చెడినప్పుడు కూడా ఇట్లే నీరు చేరుతుంది. కాబట్టి కారణాన్ని వైద్యుడే నిర్ణయించాలి.

విటమినుల, లవణాల లోపాలు కూడా గుర్తులు చూపుతాయి. కనురెప్ప లోపలి పొర పాలిపోవడం రక్తహీనతకు గుర్తు. రేచీకటి, తెల్లగ్రుడ్డుమీద నురుగువంటి మచ్చలు ఎ విటమిను లోపానికి గుర్తులు. చిగుళ్లు ఉబ్బి రక్తం కారడం సి విటమిను లోపంలో కనబడుతుంది. ఎండ తగిలే చోట్ల, ముఖ్యంగా మెడచుట్టూ హారంవలె, చర్మం నల్లబడి పొలుసులు రేగడం పెల్లాగ్రా అనే వ్యాధి లక్షణం. దక్కను పీఠభూమిలో జొన్నలే ముఖ్యాహారంగా జీవించిన పేదలలో ఒకప్పుడు ఇది కనబడేది. 1960 ప్రాంతాన గోపాలన్, శ్రీకాంతయ్య దీనిమీద పరిశోధనలు చేశారు.

మూడవది కొలవడం. బరువును కిలోగ్రాములలో తూచి, ఎత్తును మీటర్లలో కొలిచి, బరువును ఎత్తు వర్గంచేత భాగిస్తే శరీర ద్రవ్యరాశి సూచిక వస్తుంది. బెల్జియం దేశపు గణితజ్ఞుడు క్వెటెలే 19వ శతాబ్దంలోనే ఈ నిష్పత్తిని చూపినాడు. పైన చెప్పిన ఏన్సెల్ కీస్ 1972లో దానికి నేటి పేరు పెట్టాడు. పెద్దలలో ఇది 18.5 కంటె తగ్గితే బరువు చాలదనీ, 16 కంటె తగ్గితే లోపం తీవ్రమనీ లెక్క.

లేచి నిలువలేని రోగి ఎత్తును కొలవడం ఎట్లా? చేతులు బారచాపినప్పుడు ఒక చేతి నడిమి వ్రేలి కొననుండి రెండవ చేతి నడిమి వ్రేలి కొనవరకు ఉండే దూరం చాలామందిలో ఎత్తుకు దగ్గరగా ఉంటుంది. తూచడం కూడా కుదరకపోతే దండచేతి చుట్టుకొలత సాయపడుతుంది. భుజానికి, మోచేతికి సరిగ్గా నడుమ టేపు చుట్టి కొలవాలి. పెద్దలలో ఇది 23.5 సెంటీమీటర్లకంటె తగ్గితే సూచిక 20కి లోబడి ఉండవచ్చునని ఊహిస్తారు.

పిల్లలలో ఈ కొలతకు మరింత విలువ ఉన్నది. ఏడాది నిండినది మొదలు ఐదేళ్లవరకు ఆరోగ్యవంతుడైన బిడ్డ దండచేతి చుట్టుకొలత కొద్దిగానే మారుతుంది. అందుచేత ఆరు నెలలనుండి ఐదేళ్ల లోపు పిల్లలకు ఒకే హద్దు వాడుతారు. 11.5 సెంటీమీటర్లకంటె తగ్గితే టేపుమీద ఎరుపు రంగు వస్తుంది. అది తీవ్రమైన లోపం. 11.5 నుండి 12.5 లోపు పసుపు, ఆపైన ఆకుపచ్చ. చదువురాని తల్లి సైతం ఈ రంగులను చదువగలదు.

ఒక లెక్క

రామయ్య అనే రైతు ఉన్నాడనుకొందాం. వయస్సు 45, ఎత్తు 165 సెంటీమీటర్లు. ఆరు నెలల క్రిందట అతని బరువు 60 కిలోలు. కడుపులో పుండువల్ల సరిగా తినలేక ఇప్పుడు 52 కిలోలకు దిగినాడు. రేపో మాపో శస్త్రచికిత్స.

ఎత్తు వర్గం 1.65 × 1.65 = 2.72. సూచిక 52 ÷ 2.72 = 19.1. ఇది 18.5 కంటె ఎక్కువ. కాబట్టి ఈ ఒక్క అంకెనే చూచినవారు రామయ్యకు లోపం లేదని వ్రాసి ముందుకు పోతారు. ఇప్పుడు రెండవ లెక్క చేద్దాం. తగ్గిన బరువు 8 కిలోలు. 8 ÷ 60 × 100 = 13.3. అనగా ఆరు నెలలలో అతడు తన శరీరంలో నూటికి 13 వంతులకు పైగా కోల్పోయినాడు.

బ్రిటనులో 2003లో రూపొందించిన మస్ట్ అనే పద్ధతి ఈ రెండు లెక్కలనూ కలుపుతుంది. సూచిక 20కి పైన ఉంటే 0, 18.5 నుండి 20 వరకు 1, అంతకు తక్కువైతే 2 మార్కులు. మూడు నుండి ఆరు నెలలలో, కోరకుండా తగ్గిన బరువు నూటికి 5 వంతుల లోపు ఐతే 0, 5 నుండి 10 వరకు 1, 10కి మించితే 2. తీవ్రమైన జబ్బుతో ఐదు రోజులకు మించి తిండి లేకపోయినా, లేకపోయేటట్లున్నా మరి 2. మొత్తం 2 గాని అంతకుమించి గాని వస్తే అపాయం హెచ్చు. రామయ్యకు 1 + 2 = 3 మార్కులు వచ్చినవి. ఇక్కడ మార్కులు పెరిగితే సంతోషించరాదు!

రామయ్య లెక్క చెప్పే నీతి ఇది. ఈనాటి బరువు ఒక్కటే రోగి స్థితిని చెప్పలేదు. నిన్నటి బరువు తెలిసినప్పుడే అతడు ఎటువైపు ప్రయాణం చేస్తున్నాడో తెలుస్తుంది.

రక్తపరీక్ష మాటేమిటి? ఒకప్పుడు రక్తంలోని ఆల్బుమిన్ అనే మాంసకృత్తు తగ్గితే చాలు, పోషకాహార లోపమని నిర్ణయించేవారు. ఇప్పుడు ఆ అభిప్రాయం మారింది. దీర్ఘకాలం సరిగా తినక చిక్కిపోయినవారిలో కూడా ఆల్బుమిన్ సక్రమంగా ఉండవచ్చును. తీవ్రమైన అంటువ్యాధి సోకితే, బాగా తినే మనిషిలోనూ అది కొద్దిరోజులలోనే పడిపోతుంది. కాబట్టి అది జబ్బు తీవ్రతను చెప్పే గుర్తే కాని తిండిని కొలిచే త్రాసు కాదు. కెనడాలోని టొరంటో వైద్యులు 1987లో ప్రకటించిన నిర్ణయ పద్ధతిలో రక్తపరీక్షే లేదు. రోగిని అడిగి, చేతితో తడిమి చూచి, ఎ, బి, సి అని మూడు తరగతులుగా విభజిస్తారు. అనేక దేశాల నిపుణులు కలిసి 2019లో ప్రకటించిన నియమాలు కూడా ఈ దారినే నడిచినవి. బరువు తగ్గడం, సూచిక తక్కువగా ఉండడం, కండ తగ్గడం అనే మూడింటిలో ఒకటైనా ఉండాలి. దానికి తోడు తిండి తగ్గడమో, జబ్బు తీవ్రతో కారణంగా కనబడాలి.

గుర్తించిన తరువాత

లోపం ఉన్నదని తెలియగానే కడుపునిండా పెట్టివేయాలని మనస్సు త్వరపడుతుంది. ఇక్కడ జాగ్రత్త అవసరం. చాలాకాలం తిండి లేనివానికి ఒక్కసారిగా పిండిపదార్థాలు దండిగా ఇస్తే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫేటు, పొటాసియం, మెగ్నీషియం కణాలలోకి దూసుకొనిపోతాయి. రక్తంలో అవి కొరవడి గుండె లయ తప్పవచ్చును. అందుచేత తీవ్రలోపం గల పిల్లలకు ఆస్పత్రిలో మొదట 100 మిల్లీలీటర్లకు 75 కాలరీలు మాత్రమే ఉండే పాలను, కొద్దికొద్దిగా, రెండు మూడు గంటలకొకసారి ఇస్తారు. ఆ తరువాతనే బలమైన తిండికి వస్తారు. ఇది వైద్యుల పర్యవేక్షణలో జరుగవలసిన పని.

సరిగా గుర్తించి, సరిగా పెడితే ఫలితం ఎట్లుంటుందో మన దేశంలోనే తేలింది. జార్ఖండులో క్షయరోగులకు, వారి కుటుంబాలకు ఆహారం అందజేసి చేసిన పరిశోధన ఫలితాలు 2023లో వెలువడినవి. అందులో చేరిన సుమారు 2,800 మంది రోగులలో నూటికి 80 మందికి పైగా శరీర ద్రవ్యరాశి సూచిక 18.5 కంటె తక్కువ. చికిత్స మొదలైన తొలి రెండు నెలలలో బరువు పెరిగినవారిలో మరణాలు తక్కువగా ఉన్నవి. బియ్యం, పప్పు మొదలగువాటితో అదనపు ఆహారం పొందిన కుటుంబాలలో క్రొత్తగా క్షయ సోకినవారు, అట్టి సహాయం పొందని కుటుంబాలతో పోల్చితే, నూటికి 39 వంతులు తగ్గినారు.

పాఠశాలలో ఒక ప్రయోగం

ఈ విషయాన్ని తరగతిలో చేసి చూపడం సులభం. ఒక టేపు, ఒక త్రాసు ఉంటే చాలును. విద్యార్థులు ఒకరి బారను ఒకరు కొలిచి ఎత్తుతో పోల్చి, తేడా ఎంత వచ్చినదో వ్రాసుకోవచ్చును. శాతాల పాఠం చెప్పేటప్పుడు రామయ్య లెక్కను బల్లమీద వేయవచ్చును. రెండు జాగ్రత్తలు మాత్రం మరువరాదు. 18.5 అనే హద్దు పెద్దలది. పెరిగే వయస్సులోని పిల్లలకు వయస్సునుబట్టి, ఆడ మగ తేడానుబట్టి వేరే పట్టికలు ఉన్నవి. ఏ విద్యార్థి బరువునూ తరగతిలో పైకి చదివి నలుగురిలో నవ్వులపాలు చేయరాదు.

బంధువు ఎవరైనా ఆస్పత్రిలో ఉంటే మనం పండ్లు పట్టుకొని వెళ్లి చూచి వస్తాము. ఈసారి వెళ్లినప్పుడు పండ్లతోపాటు రెండు ప్రశ్నలు కూడా తీసుకొనిపోదాము. ఈరోజు బరువెంత? చేరిననాడు ఎంత? నర్సునుగాని, వైద్యుని గాని మర్యాదగా అడిగితే ఎవరూ తప్పుపట్టరు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడానికైనా రోగిని త్రాసు ఎక్కించి ఆ ఖాళీ గడిని నింపుతారు.